అతిథి ద్వారము, విద్యార్థి ద్వారము

విదేశవిద్య కోరు మన యువకులకు ఇటీవల నొక క్రొత్త ప్రలోభము కలుగుచున్నది. కొన్ని దేశములు భారతీయ యాత్రికులను వీసా లేకుండనే తమ గడ్డపై నడుగిడనిచ్చినవి. మలేషియా 2023 డిసెంబరు 1వ తేదీ మొదలు 30 దినములకును, ఫిలిప్పీన్సు 2025లో 14 దినములకును అట్టి సౌకర్యము కల్పించెను. ఇవి యాత్రికునకు మేలైన వార్తలే. కాని "ముందు విమాన మెక్కుడు, విద్యార్థి వీసా సంగతి అక్కడ చూచుకొందము" అని చెప్పు దళారికి కూడ ఈ వార్తయే పెట్టుబడి యగుచున్నది. ఈ సలహా వినుటకెంత తీయగా నుండునో, అనుసరించిన పిమ్మట నంత చేదుగా నుండును.

కోహీరనగానే ఎర్రనేలయు జామతోటలును మనస్సునకు వచ్చును. వికారాబాదు నుండి బీదరునకు బోవు రైలుమార్గమున నున్న ఆ యూర నొక రైతు కలడనుకొందము. కుమారుడు ఇంటర్మీడియటు ముగించెను. నీటు పరీక్షయు నెగ్గెను. కాని ప్రభుత్వ కళాశాలలో సీటు దొరకునన్ని మార్కులు రాలేదు. ప్రైవేటు కళాశాల రుసుము తండ్రికి మోయలేని బరువు. ఆ సమయమున ఏజెంటు వచ్చి ఫిలిప్పీన్సు పేరు చెప్పెను. తోట తాకట్టుపడెను. కుమారుడు వీసా లేకుండనే మనీలాలో దిగెను. పదునాలుగు దినములు గడచినవి. ఇక నేమి?

ఇక నేమియు లేదు, మరలివచ్చుటయే. ఆ సౌకర్యమును ప్రకటించినప్పుడే ఫిలిప్పీన్సు ప్రభుత్వము మూడు నిబంధనలను స్పష్టముగా విధించెను: అది విహారమునకు మాత్రమే, గడువు పొడిగింపబడదు, మరియొక తరగతి వీసాగా మార్పబడదు. ఇచ్చట నొక సూక్ష్మము గలదు. మామూలు సందర్శక వీసా తీసికొని వెళ్లినవాడు అక్కడి వలస కార్యాలయమున విద్యార్థి వీసాకు మార్పు కోరు పద్ధతి యా దేశమున నున్నది. వెనుకటి సంవత్సరములలో నట్లు చేసినవారి మాట నేటికిని నోటనోట సాగుచుండును. కాని వీసా లేక పోయినవానికి ఆ దారి మూయబడినది. విమానాశ్రయ మొక్కటే, పాస్‌పోర్టు ఒక్కటే. దానిపై బడిన ముద్ర వేరు. ఆ ముద్రయే విద్యార్థి బ్రదుకును నిర్ణయించును. మలేషియా పద్ధతి కూడ నిట్టిదే: చదువగోరువాడు ముందుగా తన విద్యాసంస్థ ద్వారా అనుమతిపత్రము పొంది, పిదపనే బయలుదేరవలెను.

ఇందు మనకు జరిగిన యవమాన మేమియు లేదు. అతిథికి వాకిలి తెరచిన గృహస్థు, ఆ యతిథి సంవత్సరముల తరబడి ఇంట నుండదలచినచో ముందుగా నడుగవలెననుట న్యాయమే. మన దేశము సైతము ఎలక్ట్రానిక్ పర్యాటక వీసాపై వచ్చిన విదేశీయుని దానిని విద్యార్థి వీసాగా మార్చుకొననీయదు. బ్రిటనులో సందర్శకుడుగా దిగినవాడు అక్కడనే యుండి విద్యార్థి వీసాకు మారజాలడు. అమెరికాకు వీసా లేకుండ పోగల బ్రిటిషువారికిని జపానువారికిని కూడ అట్లు ప్రవేశించిన పిదప విద్యార్థి హోదాకు మారు వీలు లేదు.

అయినను సర్వత్ర నియమ మొక్కటే యనుట సత్యము కాదు. జర్మనీని చూడుడు. అమెరికా, జపాను, ఆస్ట్రేలియా మొదలగు కొన్ని దేశముల పౌరులు వీసా లేకుండ జర్మనీ చేరి, అక్కడనే చదువునకై నివాసానుమతి కోరవచ్చును. భారతీయుడు మాత్రము ముందుగా ఇచ్చట తన సర్టిఫికెట్లను తనిఖీ చేయించుకొని, జాతీయ వీసా సంపాదించి, తరువాతనే కదలవలెను. ఒక యమెరికను విద్యార్థి తన యనుభవము చెప్పగా, తెలుగు విద్యార్థి దానిని తనకు నన్వయించుకొన్నచో మోసపోవును. 2022 డిసెంబరులో భారత, జర్మనీ ప్రభుత్వములు రాకపోకలనుగూర్చి యొక యొడంబడిక చేసికొన్నవి. ఇట్టి సంప్రదింపులయందు విద్యార్థుల పక్షమున సమానత్వము కోరుట మన ప్రభుత్వ ధర్మము. అది సిద్ధించువరకు నున్న నియమమును తెలిసి నడచుకొనుట మన ధర్మము.

దళారి మాట నమ్మి చెడినవారి కథలు మనకు క్రొత్త కావు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మూతపడినప్పుడు మన తెలుగు విద్యార్థులు కాలికి నిఘాపట్టీలతో నిలిచిన దృశ్యమును దేశమంతయు చూచెను. 2019లో మిషిగనులో ఫార్మింగ్టను పేర అమెరికా అధికారులే పన్నిన నకిలీ విశ్వవిద్యాలయపు వలలో పెక్కురు తెలుగు బిడ్డలు చిక్కుకొనిరి. విద్యార్థులను చేర్చినందులకు పట్టుబడినవారిలో తెలుగువారు నుండిరనుట మరింత సిగ్గుచేటు. అప్పటి చిక్కు వీసా లేని ప్రవేశమువలన వచ్చినది కాదు; కాని "పిదప చూచుకొందము" అను మాట రెండింటను నొక్కటే.

కావున తండ్రులకు మా మనవి యిది. పొలము తాకట్టు పెట్టుటకు ముందు మూడు ప్రశ్నల కుత్తరము వ్రాతమూలకముగా గోరుడు. బిడ్డ ఏ తరగతి వీసాపై ప్రయాణము చేయును? అది విద్యార్థి వీసా కానిచో, అక్కడ మార్చుకొన వీలున్నదని ఆ దేశపు దౌత్యకార్యాలయము చెప్పినదా, ఏజెంటు చెప్పినాడా? అచ్చటి పట్టము ఇచ్చట చెల్లునా? ఈ మూడవ ప్రశ్న వైద్యవిద్యకు ప్రాణప్రాయము. 2021 నవంబరులో జాతీయ వైద్య సంఘము చేసిన నిబంధనల ప్రకారము విదేశమున కనీసము 54 నెలల చదువును, అదే సంస్థలో 12 నెలల శిక్షణయు ఉండవలెను. వీసా చిక్కులలో సంవత్సరము పోయినవానికి లెక్క తప్పుట యెంతసేపు?

ప్రభుత్వము చేయవలసినదియు గలదు. విదేశములకు కూలీలను బంపు ఏజెంట్లు నమోదు కావలెనని 1983 నాటి వలస చట్టము శాసించెను. విద్యార్థులను బంపువారు దాని పరిధిలోనికి రాలేదు. కూలికి గల రక్షణ విద్యార్థికి లేకుండుట వింత గాదా? పంజాబు 2012లోనే చట్టము చేసి, వీసా సలహాదారులకు లైసెన్సు నిర్బంధ మొనర్చెను. అట్టి శాసనము మనకును గావలెను. మండల కేంద్రములలో పాస్‌పోర్టు, వీసా విషయముల నిజము చెప్పు ప్రభుత్వోద్యోగి యొకడుండిన, ఏజెంటు గుమ్మము దొక్కవలసిన యవసరము సగము తీరును.

అన్నిటికంటె మిన్న, మన బిడ్డలకు మన గడ్డపైననే చోటు కల్పించుట. కోహీరున్న సంగారెడ్డి జిల్లాలోనే, కంది వద్ద ఐ.ఐ.టి. వెలసినది, 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల 150 సీట్లతో ప్రారంభమైనది. ఇవి శుభారంభములే గాని చాలవు. విదేశమునకు బోవుట వద్దని మేము చెప్పుట లేదు. పోవువాడు విద్యార్థిగా, తల యెత్తుకొని, తన ద్వారముననే ప్రవేశింపవలెను. అతిథివలె లోనికి జొరబడి, గడువు తీరిన పిదప దాగియుండు దుర్గతి ఏ తెలుగు బిడ్డకును రాకూడదు.