నీళ్ల బాటిల్ మూత తీయని వాళ్లు

షూటింగ్ స్పాట్‌లో ఎవరి స్థాయి ఏంటో తెలుసుకోవాలంటే రెమ్యునరేషన్ అడగక్కర్లేదు. బాత్రూమ్‌కి ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో చూస్తే చాలు. హీరోయిన్‌కి క్యారవాన్ ఉంటుంది. మరి అసిస్టెంట్ డైరెక్టర్ అమ్మాయికి? హెయిర్‌డ్రెస్సర్‌కి? కృష్ణానగర్ నుంచి తెల్లారకముందే బండెక్కి వచ్చే జూనియర్ ఆర్టిస్టుకి? స్టూడియోలో అయితే ఫర్వాలేదు. రోడ్డు మీదో, ఊరి బయటో షూటింగ్ అయితే మాత్రం దేవుడే దిక్కు.

నేను ఉండేది ఫిల్మ్‌నగర్‌లో. నా రూమ్మేట్ కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంట్. ఓసారి ఒక జూనియర్ ఆర్టిస్టుని "ఇంత ఎండలో నీళ్లు కూడా తాగరేంటి అక్కా?" అని అడిగిందట. "తాగితే వెళ్లాలి కదమ్మా. ప్యాకప్ అయ్యాక ఇంటికెళ్లి తాగుతాలే" అందట ఆవిడ. పొద్దున టిఫిన్ ఏం తిన్నదీ చెప్పినంత మామూలుగా చెప్పిందట.

ఇది ఒక్క ఆవిడ గొడవ కాదు. మలయాళ సినిమా రంగంపై కేరళ ప్రభుత్వం 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ ఈ సంగతి రాసింది. మన తెనాలిలో పుట్టిన నటి శారద కూడా ఆ కమిటీలో సభ్యురాలు. సెట్లలో టాయిలెట్లు సరిగా లేక ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తున్నారని, దాంతో యూరిన్ ఇన్ఫెక్షన్లు తెచ్చుకుంటున్నారని అందులో ఉంది. 2019 చివర్లో ప్రభుత్వం చేతికి అందిన నివేదిక జనం ముందుకొచ్చింది 2024 ఆగస్టులో. అప్పుడు వార్తలన్నీ లైంగిక వేధింపుల మీదే నడిచాయి. అవి అంత తీవ్రమైనవి మరి. టాయిలెట్ మాట మాత్రం ఎక్కడో కింద ఉండిపోయింది.

మన దగ్గరా తెలంగాణ ప్రభుత్వం 2019లో సినిమా, టీవీ రంగాల్లో వేధింపులపై ఒక కమిటీ వేసింది. హేమ నివేదిక బయటికొచ్చాక, మన కమిటీ రిపోర్టునీ బయటపెట్టమని సమంత అడిగారు. వేధింపులు వేరు, బాత్రూమ్ వేరు అనుకుంటాం గానీ, చీకట్లో ఒంటరిగా పొదల చాటుకి వెళ్లాల్సి వచ్చే అమ్మాయికి ఆ రెండూ ఒకటే భయం.

ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మూత్రాశయంలో 150, 200 మిల్లీలీటర్లు చేరగానే మెదడుకి మొదటి నోటిఫికేషన్ వెళ్తుంది. 400, 500 దాకా పడుతుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి ఆపుకుంటే కొంపేం మునగదు. రోజూ గంటలకొద్దీ ఆపుకుంటేనే సమస్య. మూత్రంతో పాటు బయటికి పోవాల్సిన బాక్టీరియా లోపలే ఉండి పెరుగుతుంది. పైగా ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. మగవాళ్లలో 20 దాకా ఉంటుంది. అందుకే మనలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఈ ఇన్ఫెక్షన్ వస్తుంది. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తూ, నీళ్లు తక్కువ తాగే 140 మంది మహిళలపై చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. రోజూ ఇంకో లీటరున్నర నీళ్లు తాగిన వాళ్లలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. అంటే ఆ అక్క మూత తీయని బాటిల్‌లోనే సగం మందు ఉందన్నమాట.

ఇందులో మనసు వాటా కూడా తక్కువేం కాదు. మూత్రం రావాలంటే కింది కండరాలు వదులవ్వాలి. తలుపుకి గడియ లేకపోయినా, బయట ఎవరో "ఇంకా ఎంతసేపు?" అంటున్నా అవి బిగుసుకుపోతాయి. సగం పోసి లేచి వచ్చేస్తాం. మిగిలింది లోపలే ఉంటుంది. ఎవరైనా దగ్గర్లో ఉంటే అసలు రాని వాళ్లూ ఉన్నారు. దాన్ని షై బ్లాడర్ అంటారు. దీనికి కౌన్సెలింగ్ ఉంది, సిగ్గుపడాల్సిన పని లేదు.

ఈ సిగ్గు మనకి చిన్నప్పుడే నేర్పించేశారు. క్లాసులో చిటికెన వేలు చూపించి, టీచర్ తలూపేదాకా నిలబడ్డాం. ఊరెళ్లే ముందు "బస్సులో నీళ్లు ఎక్కువ తాగకే" అని అమ్మ జాగ్రత్త చెప్పేది. పాపం, ఆవిడకీ అంతకన్నా దారి లేదు. అలా మన ఒంటి అవసరం ఇంకొకరి పర్మిషన్ మీద నడవాలని మెదడు ఖాయం చేసుకుంది.

లేకపోతే అంతస్తుకో శుభ్రమైన బాత్రూమ్ ఉన్న ఐటీ ఆఫీసులో అమ్మాయిలు ఎందుకు ఆపుకుంటారు? రిలీజ్ రోజు కాల్‌లో పదిమంది మగవాళ్ల మధ్య ఒక్కతే ఉంటే, "రెండు నిమిషాల్లో వస్తా" అనే చిన్న మాట గొంతు దాటదు. మా టీమ్‌లో ఒక సీనియర్ అక్క మాత్రం "బాత్రూమ్ బ్రేక్" అని చాట్‌లో పెట్టి లేచి వెళ్లిపోయేది. నెల తిరక్కుండా మిగతా అమ్మాయిలమూ అదే మొదలుపెట్టాం. ఎవరూ ఏమీ అనలేదు.

మీకు చెప్పేదీ అంతే. మెలకువగా ఉన్నంతసేపు మూడు, నాలుగు గంటలకోసారి వెళ్లండి. వెళ్లాక తొందరపడకండి. మంట, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం ఉంటే గూగుల్ చేస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక సినిమా తీసే వాళ్లకి ఒక మాట. కాల్ షీట్‌లో టైమ్, లొకేషన్, కాస్ట్యూమ్ అన్నీ రాస్తారు కదా. కింద ఇంకో లైన్ కలపండి: ఆడవాళ్ల టాయిలెట్ ఎక్కడ, ఎంత దూరం. ఆ లైన్ నింపలేకపోతే లొకేషన్ ఇంకా ఫైనల్ కానట్టే.