సలేశ్వరానికి ఏ బూట్లు?

వనపర్తి వెళ్ళినప్పుడు గుట్టల్లో పరిగెత్తుదామని ట్రైల్ రన్నింగ్ బూట్లు కొన్నా. కొట్లో నేనడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "వాటర్‌ప్రూఫేనా?"

వాటితోనే చైత్ర పున్నమికి నల్లమలలో సలేశ్వరం జాతరకి వెళ్ళా. బండి దిగాక నాలుగైదు కిలోమీటర్లు రాళ్ళల్లో నడక, చివర్లో లోయలోకి దిగుడు. ఆ ఎండలో బయటి నీళ్ళు లోపలికి రాకపోవడం దేవుడెరుగు, లోపలి చెమట బయటికి పోలేదు! దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుద్దుకుని రెండు గోళ్ళు నల్లబడ్డాయి.

తప్పు బూట్లది కాదు, నాదే. అడుగున 5-6 మిల్లీమీటర్ల పళ్ళు బురద నేలకి. మనది బండ నేల. బండ మీద పట్టిచ్చేది పళ్ళ లోతు కాదు, రబ్బరు రకం. గుండం దగ్గర తడిబండల మీదైతే మరీను. గాలాడే పైభాగం, రాయి గుచ్చుకోకుండా అడుగులో పలక, బొటనవేలి ముందు వేలెడు ఖాళీ... నా మటుకు నాకు ఇవి చాలు. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి అప్పుడే వేసుకుని చూడాలి. క్యూబికల్లో కూర్చుని రివ్యూలు చదివి ఆర్డరిచ్చే మనకి ఇది కష్టమే, తెలుసు.

అన్నట్టు, నా ముందు ఒక పెద్దావిడ ఉత్తకాళ్ళతో చకచకా దిగిపోతూ, "బూట్లు ఇడ్సు బిడ్డా, జల్ది పోతవ్" అంది. విడవలేదు గానీ, అక్కడే కూర్చుని చీలమండ దగ్గర లేసులు బిగించుకున్నా. మిగిలిన ఎనిమిది గోళ్ళూ దక్కాయి.