కీళ్ళ నొప్పులు – పత్యము

ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములయందును, కొల్లేటి చుట్టునున్న పల్లెలయందును, నడివయస్సు దాటిన స్త్రీలలో మోకాళ్ళపై చేయి మోపక లేచువారు అరుదు. నాట్లనాడు బురదలో నడుము వంచినవారును, దినమంతయు పొయ్యియొద్ద నిలిచినవారును ఒక్కతీరుననే మూల్గుచున్నారు. నొప్పి మొదలైనతోడనే ఇంటి పెద్దలు పత్యము చెప్పుదురు. వంకాయ వాతము, దుంపలు వాతము, పప్పు వాతము, చింతపులుపు కీళ్ళు పట్టించును, చేప ముట్టరాదు అని యొక్కొక్కటియే తీసివేయగా తుదకు విస్తరిలో అన్నమును చారునీళ్ళును మాత్రము మిగులును. ఇట్లు నెలల తరబడి తిన్న స్త్రీకి కండ కరగి, కీలును మోయు బలము తగ్గి, నొప్పి యింకను హెచ్చును. ఆహారమునకును కీళ్ళకును సంబంధము లేదని మేమనుట లేదు, కలదు. అయితే ఆ సంబంధము వ్యాధిని బట్టి మారును. వ్యాధి పేరు తెలియక పత్యము పట్టరాదని చెప్పుటయే ఈ నెల మా యుద్దేశము.

కీళ్ళవాతమని మనము ఒక్క పేరున పిలుచుదానిలో పెక్కు వ్యాధులు కలవు. మన పూర్వవైద్యులును వీనిని వేరుచేసిరి. మాధవకరుడు తన నిదానగ్రంథమున వాతరక్తమును ఒకచోటను, ఆమవాతమును మఱియొకచోటను వర్ణించెను. నేటి వైద్యులు ముఖ్యముగా మూడింటిని చెప్పుదురు. కీలునందలి మెత్తని మృదులాస్థి అరుగుట మొదటిది. రక్తమున యూరిక్ ఆమ్లము హెచ్చి సూదులవంటి స్ఫటికములుగా కీలులో పేరుకొనుట రెండవది. దీనికి గౌట్ అని పేరు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే తిరుగబడి కీళ్ళ పొరలను వాచజేయుట మూడవది. ఇది రుమటాయిడ్ వ్యాధి. ఈ మూడవది పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికముగా వచ్చును. ఇవిగాక చికున్‌గున్యా జ్వరము తగ్గిన పిదప నెలలకొలది నిలుచు నొప్పులును గలవు. 2006 ప్రాంతమున మన రాష్ట్రమంతట ఈ జ్వరము వ్యాపించినది. అది దోమకాటువలన వచ్చినదే గాని తిండివలన వచ్చినది కాదు.

మొదట అరుగుడు సంగతి. దీనికి పథ్యములలో కెల్ల గొప్పది బరువు తగ్గుటయే. శరీరమున ఒక కిలో తగ్గినచో, నడచునపుడు అడుగడుగునను మోకాలిపై సుమారు 4 కిలోల భారము తగ్గునని 2005లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధన తెల్పినది. ఐదు కిలోలు తగ్గిన సోదరికి దినమునకు వేలకొలది అడుగులలో ఎంత భారము తప్పునో లెక్కించుకొనవచ్చును. తాడేపల్లిగూడెము రైసు మిల్లుల నడుమ పుట్టిన మనకు మూడు పూటల తెల్లని అన్నము అలవాటు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములలో, రెండువేల కేలరీల దినాహారమున ధాన్యము 250 గ్రాములే. కూరగాయలు, ఆకుకూరలు కలిసి 400 గ్రాములు. మన విస్తరిలో ఈ లెక్క తలక్రిందులుగా నుండును. కావున అన్నము మానవలసిన పని లేదు. గరిటెడు తగ్గించి, ఆ చోట కూరయు పప్పును పెంచిన చాలును. దీనితోబాటు తొడకండ బలపడునట్లు కుర్చీలో కూర్చుండి కాలు చాచి యెత్తుట, మెల్లగా నడచుట మఱువరాదు. కండ లేని కీలు గుంజ లేని పందిరివంటిది.

రెండవదగు గౌట్ వ్యాధికి ఆహారముతో సూటియైన సంబంధము కలదు. రాత్రికి రాత్రి కాలి బొటనవ్రేలు ఎఱ్ఱనై, దుప్పటి తగిలినను ఓర్వరాని నొప్పి కలుగుట దీని గుర్తు. ఇది పురుషులకు హెచ్చు. స్త్రీలకు ముట్లుడిగిన పిమ్మట వచ్చును. కార్జము మొదలగు లోపలి మాంసములు, వేటమాంసము, రొయ్యలు, ఎండుచేపలు, అందును నెత్తళ్ళు, దీనిని రెచ్చగొట్టును. కల్లు, సారాయి, బీరు అంతకంటె చెఱుపు. సీసాలలో అమ్ము తీపి పానీయములును యూరిక్ ఆమ్లమును పెంచును. మఱి పప్పు సంగతి యేమి? అమెరికాలో 47,000 మందికి పైగా పురుషులను పండ్రెండేండ్లు పరిశీలించి 2004లో ప్రకటించిన ఫలితములలో, మాంసమును సముద్రపు చేపలును హెచ్చుగా తిన్నవారికి గౌట్ అధికముగా వచ్చెను గాని, పప్పుధాన్యములు, ఆకుకూరలు తిన్నవారికి అట్లు రాలేదు. వెన్న తీసిన పాలు, పెరుగు తీసికొన్నవారికి తక్కువగా వచ్చెను. కాబట్టి కందిపప్పును నిందించుట మాని, చల్లని మజ్జిగయు తగినన్ని నీళ్ళును త్రాగవలెను. అయినను యూరిక్ ఆమ్లము మిక్కిలి హెచ్చినవారికి ఆహారమొక్కటియే చాలదు, మందు కావలెను.

మూడవదగు రుమటాయిడ్ వ్యాధి ప్రొద్దున లేవగానే చేతివ్రేళ్ళ కణుపులు రెండు ప్రక్కల సమముగా వాచి, గంటసేపైన బిగిసియుండుటచే తెలియును. పాలు పితుకలేరు, పిండి పిసుకలేరు. దీనికి చేపలయందలి ఒమేగా-3 యను క్రొవ్వు కొంత ఉపశమనము నిచ్చునని పరీక్షలు తెల్పుచున్నవి. సముద్రపు చేపలగు కవళ్ళు, కనగర్తలలో ఇది మెండు. చెఱువులలో పెంచు బొచ్చె, శీలావతులలో తక్కువ. చేప తిననివారికి అవిసె గింజలు కలవు గాని, వానియందలి క్రొవ్వును శరీరము కొలదిగానే మార్చుకొనగలదు. ఇచ్చట చదువరులు ఒక సంగతి గమనింపవలెను. రుమటాయిడ్ రోగికి మేలుచేయు కవళ్ళే గౌట్ రోగికి కీడుచేయును. వ్యాధి పేరు ముందు, పత్యము తరువాత అని మేము పట్టుపట్టుటకు కారణ మిదియే.

రుమటాయిడ్ వ్యాధిని తిండితోనే కుదుర్చుదుమని చెప్పువారిని నమ్మరాదు. 1991లో నార్వే దేశపు వైద్యులు ఉపవాసమును, పిదప శాకాహారమును ఒక యేడు నడిపి కొందఱికి నొప్పి తగ్గుట చూచిరి. అది వ్యాధిని మాన్పుట గాదు. మందు మానిన సోదరి కీళ్ళు వంకరపోయిన పిదప ఏ పత్యమును వానిని సరిచేయజాలదు. వైద్యుడు మెథోట్రెక్సేట్ వ్రాసియిచ్చినచో అది వారమున కొక్కదినమే మ్రింగవలసిన మందు. దినదినము మ్రింగుట ప్రాణాపాయము. ఇంటిలో మాత్రలందించు కోడండ్రు, కూతుండ్రు ఈ మాటను గోడమీద వ్రాసి పెట్టుకొనవలెను.

ఇక వంకాయ, టొమేటో, బంగాళాదుంపల మీది నింద. ఇవి కీళ్ళను వాచజేయునని నమ్మదగిన పరీక్ష ఏదియు చూపలేదు. ఏ యొక్కరికైన తిన్నప్పుడెల్ల నొప్పి హెచ్చుచున్నచో, మూడు వారములు మాని, మఱల తిని చూచుకొనవచ్చును. ఊరివారందఱు మానవలసిన పని లేదు. పసుపునందలి గుణమిచ్చు పదార్థము నూటికి మూడు పాళ్ళు మాత్రమే గావున, కూరలోని చిటికెడు పసుపు ఔషధమని యెంచరాదు.

ఆంధ్రదేశమున నోటిగుండా పోవునది కీళ్ళను చెఱచినదని నిశ్చయముగా తేలిన చరిత్ర యొకటి కలదు. అది తినునది గాదు, త్రాగునది. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు వెన్ను బిగిసి, కీళ్ళు వంగని రోగులను పరీక్షించి, బావినీటియందలి ఫ్లోరైడే కారణమని తెల్పిరి. పిమ్మట నల్లగొండ జిల్లాయందు ఈ బాధ ఘోరముగా కనబడినది. పటికయు సున్నమును వేసి నీటిని తేర్చు విధానమునకు నల్లగొండ పద్ధతి యనియే పేరు వచ్చెను. కీళ్ళు పట్టించునని మనము నిందించు చింతపండు, ఫ్లోరైడును మూత్రమున హెచ్చుగా వెడలించునని జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించిరి.

ఎముకకు సున్నపు సత్తువ కావలెను. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. అంతే తూకపు తెల్లబియ్యమున పది మిల్లీగ్రాములైన లేదు. వారమున కొన్ని దినములు చోడి సంకటియో, అంబలియో చేసికొనుట మేలు. ముల్లుతో నమలి తిను చిన్న చేపలును మంచివి. కొల్లేటి చేపలు మంచుపెట్టెలలో కలకత్తా దాక పోవుచుండగా, ఆ గట్టుననే యున్న యిల్లాలు పత్యమని మానుట తగదు. కొంతసేపు ఎండ తగులుటయు అవసరము.

కీలు వాచి వేడిగా నున్నను, జ్వరముతో నొకే కీలు వాచినను, ఉదయపు బిగువు ఆరు వారములు విడువకున్నను, ఏలూరుననో, దగ్గఱి పట్టణముననో వైద్యునికి చూపవలెను. అంగడిలో కొన్న నొప్పిమాత్రలు దినదినము మ్రింగినచో మూత్రపిండములు చెడును. పేరులేని పొడులలో స్టెరాయిడులు కలిసియుండుట పలుమారులు బయల్పడినది.

కడపట నొక్క మాట. ఇంటిల్లిపాదికి వడ్డించి, మిగిలిన అన్నము, అడుగంటిన పులుసుతో భోజనము ముగించు ఇల్లాలికి ఏ పత్యమును పనిచేయదు. కూరలో, పప్పులో, పెరుగులో తన పాలు ముందుగా తీసిపెట్టుకొనుట స్వార్థము గాదు. ఆ కాళ్ళమీదనే యిల్లు నిలిచియున్నది.