మా బావిని ఎవరు శుద్ధి చేస్తారు?

1927లో మహాడ్‌లో అంబేద్కర్ వెంట నడిచిన దళితులు చవదార్ చెరువు నీళ్లు తాగారు. చెరువు మైలపడిందని అగ్రకులాలోళ్లు పంచగవ్యం పోసి శుద్ధి చేశారు. మా చెయ్యి తగిలితేనే అంత మైల! మరి మా బావుల్లో మలం కలిస్తే ఎవరికీ పట్టదేం?

ఊరి బావి దగ్గరికి రానివ్వకే మా తాతలు వాడలో సొంత బావులు తవ్వుకున్నారు. ఊరి మురుగు పల్లంలోని వాడకే వస్తుంది. జానెడు జాగాలో మరుగుదొడ్డి గుంతా, బావీ పక్కపక్కనే. గుంతలోంచి కామెర్ల వైరస్ ఇంకి ఊటలో కలుస్తుంది. బాక్టీరియా కన్నా ఎన్నో రెట్లు చిన్నది, మట్టి దాన్ని పూర్తిగా ఆపలేదు. నీళ్లు తేటగానే ఉంటాయి. బాక్టీరియా లేదని కాగితం వచ్చినంత మాత్రాన వైరస్ లేనట్టు కాదు. నెలలు నిండే గర్భిణికి హెపటైటిస్-ఇ సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చు.

'కాచుకు తాగండి' అంటారు. కాచితే వైరస్ చస్తుంది, నిజమే. కాచుకుందాం. కానీ కూలికి పోయే తల్లికి కట్టెలెవరిస్తారు?

'సొంత బావి, మీ బాధ్యతే' అంటే ఒప్పుకోం. సొంత బావి తవ్వుకునేట్టు చేసిందెవరు? వాడవాడకూ కుళాయి, బావిబావికీ క్లోరిన్, వైరస్ పరీక్ష కావాలి. అడుక్కోవడం లేదు, హక్కుగా అడుగుతున్నాం. మైల మాది కాదు, మా నీళ్లను ఇట్లా వదిలేసినోళ్లది!