క్రీడారంగమున ఉత్ప్రేరకములు

క్రీడాకారులు నిషిద్ధములైన మందులను వాడుకొనుటకు అనుమతి నీయవలెనను వాదము కొంతకాలము క్రిందటివరకు చాటుమాటుగా మాత్రమే వినబడుచుండెను. ఇప్పుడది ధనబలముతో వీధికెక్కినది. అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున 2026 మే నెలలో ‘ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్’ అను క్రీడోత్సవమును జరుపుదుమని కొందరు వ్యాపారులు ప్రకటించిరి. ఒలింపిక్ క్రీడలలో నిషిద్ధములైన మందులను అందు పాల్గొనువారు వైద్యుల పర్యవేక్షణలో బాహాటముగా వాడుకొనవచ్చునట. తమ వాదమునకు నిదర్శనముగా వారు 2025లో ఒక ఈతగానిని లోకమునకు చూపిరి. గ్రీసు దేశపు క్రిస్టియన్ గొలొమీవ్ 50 మీటర్ల దూరమును ఫ్రీస్టైల్ పద్ధతిలో 20.89 సెకన్లలో ఈదెను. బ్రెజిల్ దేశీయుడగు సెజార్ సియెలో 2009లో నెలకొల్పిన నాటి ప్రపంచ రికార్డు 20.91 సెకన్లుగా నుండెను. గొలొమీవ్‌కు పది లక్షల డాలర్ల బహుమానము ముట్టినది. మందులు చాలక, అధికారిక పోటీలలో చెల్లని ఈతదుస్తును గూడ అతడు ధరించియుండెను. ఇన్ని హంగులును కలిసి సంపాదించినది సెకనులో నూరింట రెండు వంతులు! అంతర్జాతీయ జలక్రీడల సమాఖ్య ఆ కాలమును రికార్డుగా గుర్తింపలేదు.

ఈ వాదమును త్రోసిపుచ్చుటకు ముందు దానిని సరిగా వినుట న్యాయము. వయసు వచ్చిన మనుష్యుని దేహము వాని సొత్తు, దానితో నతడేమి చేసికొనినను ఇతరుల కేమి పని యనునది మొదటి మాట. ఇప్పటికిని పలువురు రహస్యముగా మందులు వాడుచునే యున్నారు, పట్టుబడువారు కొందరే, కావున నిషేధము నిజాయితీపరునికి శిక్షయు నేర్పరియైన మోసగానికి బహుమతియు అగుచున్నదనునది రెండవ మాట. చాటున వాడుటకంటె వైద్యుని యెదుట వాడుట క్షేమము గదా యనునది మూడవది. ఇంకొక చమత్కారమైన ప్రశ్నయు కలదు. పర్వతప్రాంతములలో నివసించి రక్తమునందలి ఎఱ్ఱకణములను పెంచుకొనుట తప్పు కానప్పుడు, ఎరిత్రోపొయిటిన్ అను సూదిమందుచే వానిని పెంచుకొనుట తప్పెట్లగును? ఈ చివరి ప్రశ్నకు సమాధానము సులభము. కొండపైనున్నవాని దేహము తన కెంత అవసరమో అంతవరకే కణములను పుట్టించును. సూదిమందునకు అట్టి హద్దు లేదు. రక్తము చిక్కబడి గడ్డలు కట్టి ప్రాణాపాయము కలుగవచ్చును. తక్కిన ప్రశ్నలు మాత్రము అంత సులభముగా తేలునవి కావు.

అవి లాస్ వేగాస్ నుండి చూచిన నొక తీరుగను, మాకవరపాలెము నుండి చూచిన వేరొక తీరుగను కనబడును. నర్సీపట్నము ప్రాంతమున, అనకాపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రమైన మాకవరపాలెమున గాని, ఆ చుట్టుపట్ల నే యూరనైన గాని, పదిలక్షల డాలర్ల పందెములను గూర్చి ఎవరును కలలు గనరు. అచ్చటి బాలునికి క్రీడయనగా ముందుగా ఆట, ఆపైన ఒక ధ్రువపత్రము, ఆ ధ్రువపత్రము వెనుక ఒక ఉద్యోగము. 2024లో ప్రకటింపబడిన రాష్ట్ర క్రీడావిధానము ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారుల వాటాను 2 శాతము నుండి 3 శాతమునకు పెంచినది. జాతీయ పోటీలలో ఒక పతకము కుటుంబము యొక్క స్థితినే మార్చివేయగలదు. ఇట్టిచోట ‘దేహము వాని సొత్తు, ఇష్టమైనచో వాడును’ అను మాటకు అర్థమేమి? పోటీలో నొకడు మందు వాడినచో తక్కిన ఏడుగురును వాడవలసినదే, లేనిచో తప్పుకొనవలసినదే. అనుమతి యనునది ఒకనికి స్వేచ్ఛగా మొదలై తక్కినవారికి నిర్బంధమై కూర్చుండును. అంతేకాదు. పేదబాలునికి పోటీలో మూలధనము తన ఊపిరియు, కాళ్లును, వేకువజామున లేచు అలవాటును. మందులకు అనుమతి లభించిననాడు ఈ మూలధనము విలువ తగ్గి, సీసా కొనగలవాని డబ్బు విలువ పెరుగును. వైద్యుని పర్యవేక్షణ యనిన ఆ ఖర్చు మరింత పెద్దది.

పరీక్షల విలువ ఎట్టిదో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. విశాఖపట్టణమునకు చెందిన యర్రాజి జ్యోతి కథ చాలును. తండ్రి కాపలా ఉద్యోగి, తల్లి ఇండ్లలోను ఆసుపత్రిలోను పని చేసిన శ్రామికురాలు. పోర్టు ఉన్నత పాఠశాలలో చదువుచుండగా ఆమె పొడవును గమనించి, ఈ పిల్ల హర్డిల్స్ పరుగునకు తగినదని గుర్తించినవారు ఆ పాఠశాల వ్యాయామోపాధ్యాయులే. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో జరిగిన అఖిల భారత అంతర్విశ్వవిద్యాలయ క్రీడలలో ఆమె 100 మీటర్ల హర్డిల్స్ పరుగును 13.03 సెకన్లలో ముగించెను. ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన జాతీయ రికార్డు 13.38 సెకన్లు. పదునెనిమిదేండ్ల నాటి రికార్డు ఒక్క పరుగుతో సెకనులో మూడవవంతుకు మించి వెనుకబడినది. అయినను ఆ రికార్డు ఆమెకు దక్కలేదు. ఆ పోటీలలో ఆమెకు మాదకద్రవ్య పరీక్ష జరుగలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధియు అచ్చట లేకుండెను. ఈ రెండు లోపములచే ఆ కాలము పుస్తకమున కెక్కకపోయెను.

ఆమె మందు వాడలేదు. ఎవరును వాడెనని అనలేదు. కాని వాడలేదని చెప్పుటకు సాక్షి లేకపోయెను! రెండేండ్ల తరువాత, 2022 ఏప్రిలులో కోజికోడ్ నగరమున 13.09 సెకన్లలో పరుగెత్తినపుడు గాలి వేగము నియమితమైన దానికంటె ఏమాత్రమో హెచ్చుగా నుండుటచే అదియు చెల్లలేదు. తుదకు 2022 మే 10వ తేదీన సైప్రస్ ద్వీపమున 13.23 సెకన్లతో జాతీయ రికార్డు ఆమె పేర నిలిచినది. 2023లో చైనాలోని చెంగ్డూ నగరమున ఆ రికార్డును 12.78 సెకన్లకు దించెను. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఈ పరుగున పాల్గొన్న తొలి భారత మహిళ ఆమెయే. మాదకద్రవ్య పరీక్షను దొంగలను పట్టు పోలీసుపనిగా మాత్రమే చూచుట లోకమునకు అలవాటైనది. మూడబిదిరె ఉదంతము దాని రెండవ ముఖమును చూపుచున్నది. నిర్దోషికి అది సాక్ష్యము. పలుకుబడి లేని ఇంటి పిల్ల సాధించిన ఫలితమును ‘ఏదో తీసికొనియుండును’ అని పెదవి విరుచువారికి ఆ ప్రయోగశాల పత్రమొక్కటే జవాబు. మందులకు అనుమతి నిచ్చినచో, ఈ సాక్ష్యము అక్కరలేకయే పోవును. అప్పుడు గెలిచినవారందరును ఒక్కతీరుగ అనుమానితులగుదురు.

వైద్యుల పర్యవేక్షణ క్షేమమను మాటకు చరిత్ర చెప్పిన సమాధానము తూర్పు జర్మనీ. 1974లో ఆ దేశప్రభుత్వము రహస్యముగా ఒక పథకమును సిద్ధపరచినది. వేలమంది క్రీడాకారులకు, వారిలో పదునాలుగు పదునైదేండ్ల బాలికలకు గూడ, వైద్యులే మాత్రలు లెక్కపెట్టి ఇచ్చిరి. విటమినులని చెప్పి ఇచ్చిరి. ప్రతి మోతాదును పుస్తకములలో వ్రాసియుంచిరి. పర్యవేక్షణకు కొరత యెచ్చట? పతకములు రాశులుగా వచ్చినవి. బాలికల కంఠములు బొంగురుపోయినవి, దేహములు మగపోలికలు తాల్చినవి, పలువురకు కాలేయవ్యాధులును ప్రసవకాలపు కష్టములును సంక్రమించినవి. 2000లో బెర్లిన్ న్యాయస్థానము ఆ దేశపు క్రీడాధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డును, వైద్యుడు మాన్‌ఫ్రెడ్ హోప్‌నర్‌ను శరీరహాని నేరమున దోషులుగా నిర్ణయించినది. వైద్యుడు రోగి పక్షమున నున్నంతవరకే పర్యవేక్షణ క్షేమకరము. పతకము పక్షమున చేరిన వైద్యుడు పర్యవేక్షించునది పతకమును మాత్రమే.

ఎదుగుచున్న పిల్లల విషయము మరియు తీవ్రమైనది. కండలు పెంచు స్టెరాయిడ్ మందులు మగతనపు హార్మోనుకు కృత్రిమరూపములు. యౌవనారంభమున వానిని వాడినచో ఎముకల చివరలనుండు ఎదుగుదల పొరలు వేళకు ముందే మూసికొనిపోయి పొడవు ఆగిపోవును. గుండెకును కాలేయమునకును చేటు. జ్యోతి యొక్క పొడవును చూచి ఉపాధ్యాయుడు ఆమెను ఎంపిక చేసెను గదా, ఆ పొడవునే తెగనరకు మందులను గెలుపు మందులని పిల్లల చేతిలో పెట్టుట ఎంత వింత! ఇక మెఫెంటర్మిన్ అను సూదిమందు కలదు. శస్త్రచికిత్సవేళ మత్తుచే రక్తపోటు పడిపోయినపుడు దానిని నిలబెట్టుటకు ఆసుపత్రిలో వాడునది. ఇటీవలి సంవత్సరములలో హైదరాబాదు వ్యాయామశాలలలో దీనిని యువకులకు అమ్ముచున్నవారిని అధికారులు పలుమార్లు పట్టుకొనిరి. ఆరోగ్యవంతుని గుండె దీనిచే ఎట్లు కొట్టుకొనునో వేరుగ చెప్పనక్కరలేదు.

భారతదేశపు స్థితి తలయెత్తి చెప్పుకొనదగినదిగా లేదు. ప్రపంచ మాదకద్రవ్య నిరోధ సంస్థ లెక్కల ప్రకారము 2023లో మన దేశమున 5,606 నమూనాలు పరీక్షింపగా 213 నమూనాలలో నిషిద్ధ పదార్థములు కనబడినవి. 2024లో 7,113 నమూనాలకు 260. పెద్దయెత్తున పరీక్షలు జరుపు దేశములలో ఈ నిష్పత్తి మనదే హెచ్చు. పరీక్షలు పెరిగినందున దోషులు బయటపడుచున్నారని కొందరు సమర్థింతురు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని మనకంటె ఎన్నో రెట్లు పరీక్షలు జరుపు దేశములలో దోషుల నిష్పత్తి మనకంటె చాల తక్కువగ నున్నపుడు ఆ సమర్థన కుంటుపడుచున్నది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్ పోటీలకు పరీక్షాధికారులు వచ్చిరని తెలియగానే పురుషుల 100 మీటర్ల తుదిపోటీకి ఒకే ఒక్కడు హాజరయ్యెను. స్టేడియము మరుగుదొడ్లలో వాడిపారవేసిన సిరంజులు కనబడినవి. ఒక బాలిక పరుగు ముగిసిన పిమ్మట గూడ ఆగక, అధికారికి అందకుండ పరుగెత్తుచునే పోయినదట! నవ్వు వచ్చును. ఆ బాలిక వయస్సు తలచుకొనినపుడు నవ్వు నిలువదు.

అట్లని నిషేధము నేడు అమలగుచున్న తీరు దోషరహితమని చెప్పవలనుపడదు. అనుమతివాదుల రెండవ మాటలో బలమున్నది ఇక్కడనే. ప్రస్తుత నియమమున దేహములో పదార్థము కనబడిన చాలును, ఎట్లు వచ్చినదను ప్రశ్న తరువాతిది, భారము క్రీడాకారునిదే. 2019లో క్రికెట్ ఆటగాడు పృథ్వీ షా దగ్గుమందులోని టెర్బుటలిన్ చే ఎనిమిది నెలల నిషేధమునకు గురియయ్యెను. కొనిన సీసాపై పేరు చదువుకొనగలిగిన నగరవాసికే ఇట్లు జరిగినపుడు, దుకాణమునందు ‘నీరసమునకు ఏదైన ఇమ్ము’ అని అడిగి తీసికొను పల్లెటూరి పిల్లవాని గతియేమి? మందు ఇచ్చిన శిక్షకుడును, చీటీ లేకయే అమ్మిన దుకాణదారుడును తరచుగా తెరవెనుకనే యుందురు. శిక్షపడునది వరుసలో చివరనున్న వానికి. 2022లో పార్లమెంటు చేసిన మాదకద్రవ్య నిరోధ చట్టము శిక్షకులను గూడ తన పరిధిలోనికి తెచ్చిన మాట నిజమే. కాని ఆ చట్టము విధించు శిక్షలు ఫలితముల రద్దు, పోటీలనుండి బహిష్కారము, జరిమానా వంటివి. పోటీలలో పాల్గొననే పాల్గొనని అమ్మకపుదారుని పోటీలనుండి బహిష్కరించి ప్రయోజనమేమి? అతనిని పట్టవలసినది మందుల తనిఖీ శాఖ.

ఇంకొక సందు కలదు. ఉత్తరాంధ్రమున వేకువజామున రోడ్ల వెంట పరుగులు తీయు యువకులు పెక్కుమంది పతకములకై గాక కానిస్టేబులు, సైనికోద్యోగముల దేహదారుఢ్య పరీక్షలకై సాధన చేయువారు. కానిస్టేబులు ఎంపికలో 1,600 మీటర్ల పరుగు తప్పదు. ఆ పరుగు క్రీడాపోటీ కానందున జాతీయ మాదకద్రవ్య నిరోధ సంస్థ పరిధిలోనికి రాదు. పందెమునందలి పెద్ద ఆశ అదియే యైనపుడు, మందులమ్మువాడు మొదట నిలుచు చోటును అదియే యగును. నిషేధమును సడలించుటను గూర్చి వాదించుటకు ముందు, నిషేధము చేరని చోట్లెన్ని యున్నవో లెక్కించుట మేలు.

ఈ పనిలో పాఠశాల చేయగలిగినది చిన్నదియు కాదు, ఖర్చుతో కూడినదియు కాదు. పరీక్షకు పిలువబడిన క్రీడాకారుడు అధికారి కన్నులెదుట మూత్రపు నమూనా నిచ్చును. అది రెండు సీసాలకు పంచబడి, ముద్రవేయబడి, ఒకటి పరీక్షకును, రెండవది వివాదము వచ్చినపుడు తిరిగి చూచుటకును దాచబడును. అప్పుడే ఒక పత్రమును గూడ నింపవలయును. గడచిన ఏడు దినములలో వాడిన మందులన్నిటిని అందు పేర్కొనవలెను. జిల్లా జట్టుకు ఎంపికైన బాలిక ఆ పత్రము ఎదుట కూర్చుండినపుడు, జలుబునకు తాగినదేమో, మోకాలినొప్పికి పొడిపించుకొనినదేమో చెప్పగలిగియుండవలయును. ఏ మందు వాడినను దాని పేరును, ఇచ్చిన వైద్యుని చీటీని ఒక నోటుపుస్తకమున దాచుకొనుమని, శిక్షకుడిచ్చినను పేరు తెలియని సూదిని పొడిపించుకొనవద్దని, ఎనిమిదవ తరగతిలోనే ఆమెకు చెప్పదగినవాడు వ్యాయామోపాధ్యాయుడు. ఆ పోస్టు ఖాళీగా నున్న పాఠశాలలో ఆ మాట సైన్సు ఉపాధ్యాయుడైనను చెప్పవచ్చును. హార్మోనుల పాఠము ఎట్లును ఆయన బోధించునదే.