నడుముకు చుట్టిన చున్నీ

దుబాయ్ వెళ్ళొచ్చిన బంధువుల ఫోన్‌లో ఎడారి సఫారీ ఫొటోలు తప్పకుండా ఉంటాయి. ఇసుక తిన్నెలు, ఒంటె, తివాచీల మీద భోజనాలు, ఆ తర్వాత బెల్లీ డ్యాన్స్. ఆ వీడియో దగ్గరికొచ్చేసరికి బాబాయి గొంతు కాస్త తగ్గుతుంది. 'చాల్లెండి, తర్వాతది చూపించండి' అంటుంది పిన్ని. అంటూనే ఫోన్ తన వైపు లాక్కుని, 'నడుము అంతసేపు అలా ఎలా తిప్పుతోందో!' అని ముక్కున వేలేసుకుంటుంది.

చూసేవాళ్ళ కళ్ళన్నీ పొట్ట మీదే ఉంటాయి గానీ, కష్టమంతా మోకాళ్ళది. రెండు మోకాళ్ళనూ ఒకదాని తర్వాత ఒకటి గబగబా వంచి చాపుతుంటే ఆ కదలిక పైకి పాకి, తుంటి దగ్గర వణుకుగా బయటపడుతుంది. తుంటి ఆడుతుంటే భుజాలు కదలకూడదు. భుజాలు ఆడుతుంటే నడుము నిలిచిపోవాలి. తబ్లా అనే అరబ్బు డోలు 'దుమ్' అన్నప్పుడు తుంటి దిగుతుంది, 'తక్' అంటే ఎగురుతుంది. నాయ్ అనే పిల్లనగ్రోవి అందుకోగానే చేతులు నెమ్మదిస్తాయి. కానూన్ తీగలు గలగలమంటే ఒళ్ళంతా సన్నగా కంపిస్తుంది. మన కూచిపూడిలోలా ఇందులో కథ లేదు, అర్థం చెప్పే ముద్రలు లేవు. విన్న పాటను ఒంటితో చూపించడమే ఉంది.

తహియా కారియోకా అనే ఈజిప్టు నర్తకిని సాహిత్య విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ తన బడి రోజుల్లో కైరోలో చూశాడు. మహా మేధావి అనిపించుకున్న తర్వాత, 1990లో ఆమె మీద ఓ వ్యాసం రాశాడు. ఈ కళలో గొప్పతనం ఎంత కదిలారన్నది కాదు, ఎంత తక్కువ కదిలారన్నదే అని ఆయన భావం. ఆమె నిలబడ్డ చోటు నుంచి దాదాపు జరగకుండానే సభను కట్టిపడేసేదట. అంత నిదానాన్ని ఓపిగ్గా చూసే ప్రేక్షకులు ఉండటమూ ఒక అదృష్టమే.

ఈ నాట్యం ఎప్పుడు పుట్టిందంటే ఫారోల గుళ్ళ దాకా వెళ్ళిపోయేవాళ్ళున్నారు. వినడానికి బాగుంటుంది గానీ, ఆధారాలు పలచన. రెండు వందల ఏళ్ళ కిందటి ఈజిప్టుకు వస్తే మాత్రం చిత్రం స్పష్టంగా కనిపిస్తుంది. వీధుల్లో ఆడేవాళ్ళు గవాజీలు. పెద్దిళ్ళలో ఆడవాళ్ళ ఎదుట పాడేవాళ్ళు అవాలిమ్‌లు. కైరోలో కాపురమున్న ఎడ్వర్డ్ లేన్ అనే ఇంగ్లీషు పండితుడు 1836లో అచ్చయిన పుస్తకంలో గవాజీల బట్టల గురించి ఓ మాట రాశాడు. మధ్యతరగతి ఇళ్ళలో ఆడవాళ్ళు నాలుగు గోడల మధ్య కట్టుకునే బట్టలే ఇంచుమించు వీళ్ళూ కట్టుకుంటారట. ఇంట్లో ఉన్నది వీధిలో కనిపించడమే తప్పయిందన్నమాట. అప్పటికే, 1834లో, పాలకుడు ముహమ్మద్ అలీ వాళ్ళను కైరో నుంచి ఎగువ ఈజిప్టుకు వెళ్ళగొట్టాడు.

మనం సినిమాల్లో చూసే తళుకుల రవిక, నడుము కిందికి జారిన పట్టీ, పొరలు పొరల పావడా నిన్నమొన్నటివి. సిరియా ప్రాంతం నుంచి వచ్చిన బదియా మసాబ్నీ 1926లో కైరోలో తన పేర ఓ కాసినో (ఆటపాటల వేదిక) తెరిచింది. పాశ్చాత్యులు ఊహించుకున్న తూర్పు సుందరి వేషం అలాంటి వేదికలెక్కి, కైరో వేషమైపోయింది. వేదిక పెద్దదయ్యేసరికి నిలబడి ఆడే ఆటకు నడక వచ్చింది, చేతులకు కొత్త వంపులొచ్చాయి. తహియా, మరో నర్తకి సామియా గమాల్ బదియా కాసినో నుంచే వెండితెరకు వెళ్ళారు. 1950లలో పొట్ట కప్పుకోవాలని ప్రభుత్వం నియమం పెడితే, నర్తకులు సన్నని వలగుడ్డ వేసుకున్నారు. నియమమూ నిలిచింది, నాట్యమూ నిలిచింది.

కైరోలో పెళ్ళి ఊరేగింపును జఫ్ఫా అంటారు. దాని ముందు నర్తకి నడవడం పాత ఆచారం. వెలిగించిన కొవ్వొత్తుల షమాదాన్‌ను తలకెత్తుకుని, మన గోదావరి జాతరల్లో గరగలెత్తుకున్నవాళ్ళలా తల నిశ్చలంగా ఉంచి, కింద నడుము ఆడిస్తూ వధూవరులకు దారి చూపుతుంది. శుభానికి ఆవిడ కావాలి. తెల్లారాక ఆవిడ ఇంటితో వియ్యం మాత్రం వద్దు. మన కోస్తా జిల్లాల్లోనూ ఒకప్పుడు మేజువాణి లేని పెళ్ళిని పెళ్ళిగా లెక్కపెట్టేవారు కాదు. మేళంలో ఆడినవాళ్ళకు ఆ తర్వాత ఊరు ఏపాటి మర్యాద ఇచ్చిందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

నాకు మాత్రం ఈ నాట్యానికి అసలైన చోటు ఇల్లే అనిపిస్తుంది. ఈజిప్టులో పెళ్ళి కుదిరిన ఇంట్లో ఆడవాళ్ళంతా ఒక గదిలో చేరతారు. ఒకరు దరువు వేస్తారు, మిగతావాళ్ళు చప్పట్లు, మధ్యమధ్య నాలుక ఆడిస్తూ కీచుమనే సంతోషపు కేక. ఎవరో లేస్తారు. ఇంకెవరో చున్నీ తీసి ఆమె తుంటి చుట్టూ ముడేస్తారు. ఆమె పెళ్ళికూతురే కానక్కర్లేదు, పెళ్ళికూతురి అమ్మమ్మ అయినా కావచ్చు. గురువంటూ ఎవరూ ఉండరు. మేనత్తను చూసి చిన్నపిల్ల నేర్చుకుంటుంది. ముగ్గురు పిల్లల్ని కన్న నడుము ఇక్కడ దాచుకోవాల్సింది కాదు, అందరూ చూసి చప్పట్లు కొట్టేది.

మనకూ ఇప్పుడు ప్రతి పెళ్ళికీ సంగీత్ వచ్చింది. నెల ముందు నుంచే కొరియోగ్రాఫర్, స్టెప్పులు, డ్రోన్ కెమెరా. పిల్లలు ముచ్చటగా ఆడుతున్నారు, కాదనను. కానీ మన పెద్దమ్మలు, అత్తయ్యలు హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ వదలకుండా పాదం మాత్రం ఆడిస్తూ కూర్చుంటారు. రమ్మంటే 'ఈ ఒళ్ళేసుకుని నేనేం ఆడతానే' అంటారు. ఒక్క గంటసేపు కెమెరావాళ్ళకు కాఫీలిచ్చి కిందికి పంపేసి, మగవాళ్ళనూ వాళ్ళ వెనకే పంపి, తలుపేసి చూస్తే ఎలా ఉంటుందో!