గుడి నిలిచింది, ఆట నిలవాలి

రామప్ప గుడికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం. పడవలసిందే. కాని మిత్రులారా, ఒక్క ప్రశ్న. ఆ గుడి స్తంభాల మీద ఆడుతున్న నర్తకుల అడుగు మనలో ఎంతమందికి వచ్చు?

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన ఈ శివాలయం నాట్యానికి కూడా గుడే. రంగమండపం నిండా నాట్యకత్తెలు, మద్దెలగాండ్లు. బయట చూరు కింద నల్లరాతి మదనికలు. ఆ శతాబ్దంలోనే గజసేనాని జాయప ‘నృత్తరత్నావళి’ రాశాడు. 1323లో రాజ్యం కూలింది, ఆదరించేవారు పోయారు, పేరిణి మరుగునపడింది. 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణగారు ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ ఆధారం చేసుకొని దానికి మళ్ళీ ప్రాణం పోశారు. 1985 శివరాత్రికి రామప్ప గుడి దగ్గరే ఆడించారు.

నేను సైన్సు విద్యార్థిని. నా లెక్కలో శిల్పం స్థానాన్ని చెబుతుంది, వేగాన్ని చెప్పదు. ఒక భంగిమకూ మరో భంగిమకూ నడుమ ఏం జరిగిందో రాయికి తెలియదు. అది గురువు కాలి నుంచి శిష్యుని కాలికి రావలసిందే. నేటి పేరిణి పునర్నిర్మాణమే అనే మాట నింద కాదు. దారం ఒకసారి తెగితే ఎంత నష్టమో చెప్పే మాట.

పసిఫిక్ సముద్రంలోని హవాయి దీవుల కథ దీనికి తలకిందులు. అక్కడి కవాయి దీవిలో, సముద్రపుటొడ్డున కొండ పాదం దగ్గర, హులా నృత్య దేవత లకా పేర ఒక పవిత్ర స్థలం ఉంది. శిఖరం లేదు, శిల్పాల గోడలు లేవు. రాళ్ళు పేర్చిన అరుగులే. 1830లో రాణి కాహుమను హులాను బహిరంగంగా ఆడరాదన్నది. గురువులు చాటుగా నేర్పారు. 1883లో కలాకౌవా రాజు తన పట్టాభిషేకంలో మళ్ళీ ఆడించాడు. నేటికీ హులా శిష్యులు ఆ అరుగుల దగ్గరికి భక్తితో పోతారు. వాళ్ళకు రాయి తక్కువ మిగిలింది, ఆట ఎక్కువ మిగిలింది.

ఇందులో కిటుకేమీ లేదు. మా కనకమామిడిలో ఏ రైతునడిగినా చెబుతాడు: విత్తనాన్ని గాదెలో ఎంత భద్రంగా దాచినా, ఏండ్లు గడిస్తే మొలవదు. ఏటా చల్లితేనే అది విత్తనం.

నాట్యం మనలాంటి రైతుబిడ్డలకెందుకని కొందరు నవ్వుతారు. ఆ గుడికి రాళ్ళు లాగినవాళ్ళు, పక్కనే రామప్ప చెరువు తవ్వినవాళ్ళు ఎవరు మరి? ఆ చెరువు ఇప్పటికీ పొలాలు తడుపుతోంది. ఆట మాత్రం మనది కాదా?

కాబట్టి విద్యార్థి సంఘానికి నా సూచన ఇది. వార్షికోత్సవంలో పేరిణిని పది నిమిషాల ఐటంగా పెట్టి చప్పట్లు కొడితే చాలదు. అలంకరణ ఖర్చు కొంత తగ్గించి, ఒక గురువును పిలిచి, నాలుగు నెలలు సాయంత్రాలు నేర్పించండి. తర్వాత రామప్పకు విహారయాత్ర పోదాం. ఫోటోలూ దిగుదాం. కాని స్తంభం మీది అడుగును చూసి ‘ఇది నాకొచ్చు’ అనగలవాళ్ళు మనలో నలుగురన్నా ఉండాలి.